కళ్ళంలో పడవ

నీళ్ళంటే మా కాలంలో మాకు తెలిసినవి రెండే రకాలు. కడవలో ఉన్నవి, కడవలో లేనివి. రాయచోటి దోవలో ఉండే మా ఊళ్ళో ఎండాకాలం వచ్చిందంటే బియ్యం కడిగిన నీళ్ళు ఎనుముకు, మొఖం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు, కాళ్ళు కడిగిన నీళ్ళు వాకిట్లో దుమ్ముకు పోవాల్సిందే తప్ప, ఊరికే పోయే నీళ్ళంటూ ఉండేవి కావు. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు కుళాయి తిప్పి, దాన్ని అట్లాగే పారనిచ్చి, అద్దంలో మొఖం చూసుకుంటూ నిలబడతారు. (నేను అరిస్తే "అవ్వ మొదలుపెట్టింది" అంటారు. అందుకని అరవను. పోయి కట్టేసి వస్తాను.) అట్లాంటి ఊరినుంచి, అట్లాంటి రోజుల్లో, కాలవ మీద పడవలో కాపురం చేసి రావడానికి ఇంగ్లండు ప్రయాణం కట్టిన మహాతల్లిని నేనే. ఆ తయారీ ఎంత ఘనంగా జరిగిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, పరవాలేదు. ఆనాడు ఊరు ఊరంతా నవ్వింది, మీరొక లెక్కా!

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. సగం సర్కారు కచేరీలు గుడారాల్లో నడిచేవి. గాలి లేచిందంటే కాగితాలు ఎగిరిపోయేవి, గుమాస్తాలు పంచెలు ఎగగట్టి వాటి వెంట పరుగెత్తేవాళ్ళు. మా ఆయన ఆ గుడారాల్లో ఒకదానిలో, కాలవల శాఖలో చిన్న ఇంజనీరు. ఆయన అక్కడ, నేను ఊళ్ళో అత్తామామల దగ్గర. కాలవల ఇంజనీరే కానీ ఆయనకు ఈత రాదు. ఆ మాట ఎత్తితే "ఏం, వంతెన కట్టేవానికి ఎగరడం రావాలా?" అని ఎదురు అడిగేవాడు. సర్కారు ఆయనను ఒక ఏడాది చదువుకు ఇంగ్లండు పంపిస్తానంది. ఆ సంగతి ఎట్లాగో తెలిసి, మా మామకు పాత స్నేహితుడైన ఒక దొర (తెల్లవాళ్ళ కాలంలో కర్నూలులో పనిచేసి, వేటకు వచ్చినప్పుడల్లా మా ఊరి బయట డేరా వేసుకుని, మా మామతో కలిసి కాల్చిన చెనిక్కాయలు, అంటే వేరుశనక్కాయలు, తిన్న మనిషి) ఉత్తరం రాశాడు. బొగ్గు మోసే పాత పడవ ఒకటి కొని దాన్నే ఇల్లుగా చేసుకున్నామనీ, ఎండాకాలమంతా తానూ దొరసానీ కాలవ మీదనే తిరుగుతుంటామనీ, భార్యను వెంటబెట్టుకొని వచ్చి రెండు వారాలు తమతో గడపమనీ. కింద దొరసాని ఇంకొంచెం చేర్చింది: పడవ వెడల్పు ఏడడుగులే, పెద్ద పెట్టెలు తేవద్దు, ఇరుకులో మసలడం ఇంటి దగ్గరే కాస్త అలవాటు చేసుకొని రండి అని. ఈ చివరి మాటే కొంప ముంచింది. ఇంజనీరుకు ఎప్పుడూ కొలత చెప్పకూడదు.

ఆ ఉత్తరం చూసుకొని ఆయన సెలవు మీద ఊరికి వచ్చాడు. నా ఓడ టికెట్టు మా నాయన తీస్తానన్నాడు. ఇక మిగిలిన అడ్డం ఒక్కటే, మా అత్త. అత్తంటే ఎవరో కాదు, మా నాయనకు అక్క, నా సొంత మేనత్త. ఆమెకూ నాకూ పుట్టిల్లూ మెట్టినిల్లూ ఆ ఊరే. నన్ను చంకన వేసుకుని తిప్పిన మనిషే నాకు అత్తగారైంది కాబట్టి మా మధ్య అత్తాకోడళ్ళ కొట్లాట ఎప్పుడూ సరిగ్గా కుదరలేదు. (ఇరుగుపొరుగుకు అదొక తీరని లోటు.) నోరు మాత్రం పెద్దది. ఆమె వాకిట్లో దగ్గితే వీధి చివర కుక్క లేచి నిలబడేది. అంతటి మనిషికి ఉన్న ఒకే ఒక్క భయం నీళ్ళు. ఆమెకొక చెల్లెలు ఉండేదట. నేను పుట్టకముందే మా తోట బావిలో పడి పోయింది. నా మొఖంలో ఆమె పోలిక ఉందని చూసినవాళ్ళందరూ అనేవాళ్ళు. అందుకే మా అత్త నన్ను ఏ బావి గట్టూ ఎక్కనిచ్చేది కాదు. కోడలినై వచ్చాక కూడా నీళ్ళకు పోతానని కడవ తీసుకుంటే గుంజుకునేది. ఊళ్ళో కోడళ్ళందరూ "నీ అదృష్టమే అదృష్టం" అని కుళ్ళుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ మనిషిని ఒప్పించి, నీళ్ళ మీద బతకడానికి పోవాలి.

"పడవలోనా? ఏంటికి?" అని అడిగింది అత్త.

"తిరిగేదానికమ్మా," అన్నాడు ఆయన.

"తిరిగి యాడికి పోతారు?"

"యాడికీ పోము. ఊరికే తిరుగుతాం."

"యాడికీ పోయేదానికి కాకపోతే పడవ ఏంటికిరా? ఈడ కూచున్నా యాడికీ పోము కదా!"

మామ వార్తాపత్రిక వెనకనుంచి "దాన్నే సరదా అంటారే" అన్నాడు. "నువ్వు ఊరుకో" అంది అత్త. కొడుకును మళ్ళీ అడిగింది. "ఆ కాలవకు నీళ్ళు ఎప్పుడిడుస్తారంట? ఎప్పుడు కట్టేస్తారంట?" ఇది వెర్రి ప్రశ్న అనుకోకండి. మా వైపు కాలవ అంటే ఒకనాడు నీళ్ళు వదిలేది, ఒకనాడు కట్టేసేది. మధ్యలో దాంట్లో మేకలు మేస్తాయి. అక్కడ ఏడాది పొడుగునా నీళ్ళుంటాయమ్మా అని ఆయన చెబితే ఆమె నమ్మనే లేదు. "ఏడాది పొడుగునానా! ఎవురు చూసినారు? సరే, ఒక పని చేయండి. నీళ్ళు కట్టేసినంక పోండి."

"నీళ్ళు లేకపోతే పడవ కదలదు కదమ్మా!"

"కదలకపోతే ఏం? యాడికీ పోమంటివి కదా!"

 నాకు నవ్వు రావాల్సింది, ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే, ఈ దేశంలో ఇంకెవరూ అడగని కోరిక ఒకటి అడిగాను. "అత్తా, ఎవురికీ అక్కరలేని నీళ్ళు ఎట్లుంటాయో ఒక్కతూరి చూడాలని ఉండాది. కడవ పట్టుకొని వాటి కోసం ఎవురూ నిలబడని నీళ్ళు. చూసి వచ్చేస్తా."  మా అత్త దొరసాని రాసిన మాట ఇంకొకసారి చదివించుకుంది. "ఏడడుగులంటివి కదా. కళ్ళంలో గీత గీయి. ఈ సంతనాడు మొదలుపెట్టి మళ్ళా సంత వచ్చేదాకా ఇద్దరూ ఆ గీతల్లోపలే ఉండండి. గీత అవతలంతా నీళ్ళే. ఈ పిల్ల కాలు ఒక్కతూరి కూడా గీత దాటకుంటే పంపిస్తా. దాటిందా, మునిగినట్టే. మళ్ళ నన్ను అడగొద్దు." మామ మధ్యవర్తిత్వం చేసి రెండు సడలింపులు ఇప్పించాడు. మాపటికి పడవను రేవుకు కట్టేసి ఇంటికి వచ్చి పడుకోవచ్చు, ఎందుకంటే మంచు పడుతుంది. రెండోది మీకు చెప్పనక్కరలేదు, మనిషన్నాక ఎవరికైనా తప్పనిదే.

చెనిక్కాయల పని అయిపోయి, తీగంతా గొడ్లకు వామి వేసి, కళ్ళం నున్నగా ఖాళీగా ఉన్న రోజులు. మా ఆయన టేపు పట్టుకొని, గూటాలు కొట్టి, దారం లాగి, ఇంటి పునాదికి పోసినట్టే సున్నంతో ముగ్గు పోశాడు. ఏడడుగుల వెడల్పు, పొడవు మాత్రం ఈ చివరినుంచి ఆ చివరికి. దోవన పోయే పెద్దమనిషి ఒకాయన ఆగాడు. "ఏమప్పా, ఇల్లు కడతాండావా? ఇంత సన్నగా ఉండాదే!"

"ఇల్లు కాదు పెదనాయనా, పడవ."

ఆయన కాసేపు ముగ్గును చూశాడు. తర్వాత తల ఎత్తి ఆకాశాన్ని చూశాడు. "వాన యేమన్నా పడేటట్టుందా?" అని అడిగాడు, ఎంతో ఆశగా. అప్పటికే మా పక్కింటి రేడియో పెద్దమ్మ (ఇంట్లో రేడియో లేదు, ఆ అవసరం ఆమెకు రాలేదు) వీధులన్నీ చుట్టేసి వచ్చింది. ఇంజనీరు పుస్తకాల్లో చూసినాడంట, ప్రళయం వస్తాదంట, అందుకే పెండ్లాం కోసం పడవ కట్టుకుంటాండాడంట. సాయంత్రానికి కళ్ళం చుట్టూ జనం. అందరూ నవ్వేవాళ్ళే. అయినా ముందు జాగ్రత్తగా ఒకరిద్దరు మా మామ దగ్గరికి వచ్చి, "మాకు కూడా రోంత జాగా పెట్టించప్పా" అని చెవిలో చెప్పుకున్నారు.

పడవలో ఒక నులకమంచం, ఒక పొయ్యి, నాలుగు గిన్నెలు. వీటితోపాటు అత్త రెండు కడవల తాగేనీళ్ళు తెచ్చి పెట్టించింది. "పడవ చుట్టూ నీళ్ళే కదత్తా" అంటే "చుట్టూ ఉండేవి చుట్టూ ఉంటాయి. కడవ కడవే" అంది.  ఒడ్డుకు రావడానికి పాత నిచ్చెన ఒకటి అడ్డంగా పడుకోబెట్టి, దాని మీద చెక్క బలక వేశాం. ఆ బలక మీద నుంచి తప్ప ఇంకెక్కడనుంచీ రాకూడదు, పోకూడదు. ఆయన వెనక కొసన వెదురు గడ పట్టుకొని నిలబడి పడవ నడిపేవాడు. నేను ముందు కొసన కూర్చుని దోవ చెప్పాలి. ఆ దేశంలో కాలవల మీద వంతెనలు బాగా కిందికి ఉంటాయట, తల తగలకుండా వంగాలట. అందుకని ఆయన ఉన్నట్టుండి "వంతెన!" అని అరిచేవాడు, ఇద్దరం ఒక్కసారిగా తలలు వంచేవాళ్ళం. ఒకసారి మేమట్లా వంగినప్పుడు సరిగ్గా ఎదురుగా పక్కూరి కరణం పోతున్నాడు. ఇంజనీరు, ఆయన భార్య కలిసి తనకు అంత వంగి దండం పెడుతున్నారనుకుని ఆ పెద్దమనిషి ఉక్కిరిబిక్కిరై చెప్పులు విడిచి, "దండాలు నాయనా, దండాలు తల్లీ" అంటూ తిరిగి పెట్టాడు. తర్వాత ఎప్పుడు కనిపించినా ఆయన మమ్మల్ని తెగ పొగిడేవాడు.

ఈత పాఠం కూడా పడవలోనే. మా ఆయన ఎక్కడో ఈత పుస్తకం సంపాదించి, నులకమంచం మీద బోర్లా పడుకొని, ఒక చేత్తో పుస్తకం పట్టుకొని, మిగిలిన మూడింటితో గాలిలో ఈదేవాడు. నులక కిర్రు కిర్రుమనేది. మామ ఒడ్డున నిలబడి "మంచం మునుగుతాది అబ్బీ, చూసుకో" అనేవాడు. కోళ్ళు మాత్రం మా నీళ్ళ మీద నిక్షేపంగా నడిచిపోయేవి, దూడ ఏకంగా కాలవ మధ్యలో పడుకునేది. పిల్లలు గీత చుట్టూ చేరి, "అక్కా, మొసలి!" అని అరిచేవాళ్ళు. నేను సిగ్గుతో చచ్చిపోతూనే ఉన్నాను. కానీ ఒక్క సంగతి చెప్పాలి. పెళ్ళయి రెండేళ్ళు దాటినా, పగటిపూట ఆయనా నేనూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది ఆ పడవలోనే మొదటిసారి. ఊళ్ళో ఆడవాళ్ళకు, మగవాళ్ళకు వేరు వేరు మూలలుంటాయి. ఏడడుగుల పడవలో ఏ మూలకు పోతాం? బల్లులంటే తనకు భయమని ఆయన చెప్పాడు. ఆయనను పెళ్ళిపీటల మీద చూసి కొత్త కళ్ళజోడు బాగుందనుకున్నానని నేను చెప్పాను. (మనిషి సంగతి ఏమనుకున్నావని అడిగాడు. కళ్ళజోడు బాగుందని మళ్ళీ చెప్పాను.) నేను సంగటి కెలుకుతుంటే ఆయన గడ పట్టుకొని, లేని ఒడ్డులను చూపిస్తూ, లేని ఊళ్ళ పేర్లు చెప్పేవాడు. సున్నపు గీతల మధ్య కూర్చున్నానని నాకు ఒక్కోసారి గుర్తుండేది కాదు.

మా అత్త ముందు రెండు మూడు రోజులు దూరంనుంచే చూసింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, టికెట్టు లేదు ఏమి లేదు, పడవెక్కి కూచున్నారు" అని తిట్టింది. తిడుతూనే, మేము వెంట తీసుకుపోవడానికి ఊరిమిండి కారం దంచింది, ఎండుమిరపకాయలు వేయించి వీధంతా తుమ్మించింది. తర్వాత మధ్యాహ్నం సంగటి ముద్దలు తానే తేవడం మొదలుపెట్టింది. ఒకరోజు చూస్తే, నెత్తిన గంప పెట్టుకొని కళ్ళంలోకి వచ్చిన మనిషి, నేరుగా రాకుండా చుట్టూ తిరిగి బలక దగ్గరికి పోయి, ఒక చేత్తో కోక కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకొని, తడవకుండా జాగ్రత్తగా దాటింది. నేను ఆయన వైపు చూశాను, ఆయన నా వైపు చూశాడు. ఇద్దరం తలలు వంచుకున్నాం, ఈసారి వంతెన లేకుండానే. అత్త ఒప్పుకున్నట్టే అనుకున్నాను. మనసులో అప్పుడే పెట్టె సర్దుకున్నాను.

ఇంక తెల్లవారితే సంత అనగా జరిగింది అది. అత్త మాకు అన్నం పెట్టి, గంప పక్కన పెట్టి, ఎనుముకు మేత తీసుకుందామని వామి దగ్గరికి పోయింది. తీగ గుంజిందో లేదో "అమ్మా!" అని ఒక్క కేక. ఆ నోటినుంచి తిట్లు విన్నాను, శాపనార్థాలు విన్నాను, కానీ అట్లాంటి కేక ఎప్పుడూ వినలేదు. నేను ఎప్పుడు లేచానో, ఎట్లా పరుగెత్తానో నాకు తెలియదు. తెలిసేసరికి ఆమె పక్కన ఉన్నాను, ఆమె చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకొని ఉన్నాను. తేలు. నల్ల తేలు. అప్పుడు వినిపించింది వెనకనుంచి రేడియో పెద్దమ్మ గొంతు. "మునిగిపాయెనే తల్లీ!"

తిరిగి చూశాను. నేను పడవ మధ్యలోనుంచి నేరుగా కాలవలోకి దూకి, నీళ్ళన్నీ తొక్కుకుంటూ వచ్చాను. గీత మీద నా అడుగు పడినచోట సున్నం చెదిరి ఉంది. మా ఆయన మాత్రం (ఇంజనీరు కదా) కన్నతల్లికి తేలు కుట్టినా సరే, పడవ వెనక కొసనుంచి ముందుకు పరుగెత్తి, బలక మీదుగా పద్ధతి ప్రకారం ఒడ్డు దిగి, చుట్టూ తిరిగి రొప్పుతూ వచ్చాడు. ఆ సంగతి చెప్పి ఆయనను ఏడిపించడానికి నాకు ఒక జన్మ చాలలేదు.

ఇంటికి మోసుకుపోయి, చింతగింజ అరగదీసి పెట్టాం, మంత్రం వేయించాం, మామ విసనకర్రతో విసిరాడు. పొద్దు వాలేదాకా ఆమె చేయి వదలకుండా కూర్చున్నాను. నొప్పి కాస్త దిగాక కళ్ళు తెరిచి నన్ను చూసి అన్న మొదటి మాట, "నువ్వు ఓడిపోయినావు అమ్మీ."

"ఓడిపోయినాలే అత్తా. పండుకో."

మామకు కోపం వచ్చింది. ఆయనకు కోపం రావడం నేను చూసింది అప్పుడే. "ఎవురికోసం దూకింది అది? నీకోసం కాదా? దాన్ని కూడా తప్పంటావా?"

"దూకిందనే కదా నేను చెప్పేది," అంది అత్త. "ఈ పొద్దు నాకోసం దూకింది. రేపు ఆ దేశంలో ఇంకెవురో కేకేస్తే, ఆడ నీళ్ళున్నాయని చూస్తాదా? చూడదు." అని గోడవైపు తిరిగి పడుకుంది.  ఆమె చెప్పింది న్యాయమే.  ఆయన ఒక్కడే పోతాడు, ఏడాది పోతుంది, ఎవరికీ అక్కరలేని నీళ్ళు ఎట్లా ఉంటాయో వచ్చి చెబుతాడు, వింటాను. అంతే అనుకున్నాను. అనుకున్నానే గానీ, కొంగు నోట్లో పెట్టుకొని ఏడ్చాను.

తెల్లారి ఇంకా వాకిలి ఊడ్వకముందే అత్త వచ్చి నన్ను తట్టింది. చేయి ఇంకా వాచే ఉంది. "లెయ్. పాత కోక కట్టుకో."

"యాడికత్తా?"

"బావికి."

నేను తప్పు విన్నాననుకున్నాను. ఆమె అప్పటికే ముందు నడుస్తోంది, భుజాన మోకు చుట్ట వేసుకుని. తోటలో ఆ మెట్ల బావిని నేను పుట్టి బుద్ధెరిగాక దగ్గరగా చూడడం అదే. మోకు ఒక కొస నా నడుముకు కట్టింది, ఇంకో కొస గట్టు మీద చెట్టుకు కట్టింది. తర్వాత తన కోక కచ్చ పోసి బిగించి, మెట్లు దిగి, నీళ్ళు కాలికి తగిలేచోట నిలబడిపోయింది. కదలదు.  "అత్తా, వద్దులే, పోదాం పా. నేను యాడికీ పోను" అన్నాను. నిజంగానే అన్నాను.

"ఊరుకో," అంది, తిరిగి చూడకుండానే. "నాకు ఈత వచ్చని నీకెవురూ చెప్పలేదు కదా. ఈ ఊర్లో నా అంత ఈదేది ఇంకెవురూ లేరు అప్పుట్లో. నా చెల్లెలు నేర్పియ్యే అక్కా, నేర్పియ్యే అక్కా అని నా ఎనకే తిరిగేది. రేపు నేర్పిస్తాలే, మన్నాడు నేర్పిస్తాలే అంటానే ఉంటి. నేను రాయచోటికి పోయిన దినం, మేకపిల్ల పడిందని దూకింది. దానిదీ నీ మాదిరి బుద్ధే. నిన్న నువ్వు గీత దాటి వస్తాంటే నాకు తేలు నొప్పి తెలీలేదమ్మీ. దూకే పిల్లకు గీతలు గీస్తే నిలబడతాదా? ఈతన్నా నేర్పియ్యాల."

అని, యాభై దాటిన మనిషి, అన్నేళ్ళుగా నీళ్ళ మొఖం చూడని మనిషి, చప్పుడు కాకుండా నీళ్ళలోకి జారి, బావి అవతలి గోడ దాకా పోయి తిరిగి వచ్చింది. తల పైకెత్తి, మొఖం తుడుచుకుని నన్ను చూసి నవ్వింది. ఆమె మొఖంలో ఆ నవ్వు అంతకుముందు నేను చూడలేదు. మా నాయన ఒక్కడే చూసి ఉంటాడేమో.

ఆయనకు సెలవు ఉన్నన్ని నాళ్ళూ రోజూ పొద్దున్నే బావి. ఎన్ని నీళ్ళు మింగానో లెక్కలేదు. ("తాగొద్దే, ఎనుముకు రోంత మిగల్చు!") నా కడుపు కింద ఆమె అరచెయ్యి ఉండేది. "కాళ్ళు ఆడించు! పిండి రుబ్బినట్టు కాదు, కాళ్ళు!" అని అరిచేది. మా ఆయన మెట్ల మీద పుస్తకం తెరిచి కూర్చుని, "అమ్మా, మోచెయ్యి ఇంకా వంచాలని ఉండాది దీంట్లో" అంటే, "ఆ పుస్తకాన్ని ఇట్ల నీళ్ళలో ఎయ్యప్పా, అది ఎంత బాగ ఈదుతాదో చూద్దాం" అనేది. రేడియో పెద్దమ్మ గట్టు మీద కూర్చుని మా ఈత గురించి ఊరికంతా వార్తలు పంపేది. చివరికి ఒకరోజు నేను అవతలి గోడ ముట్టుకుని తిరిగి చూస్తే, అత్త ఇవతలే ఉంది, రెండు చేతులూ పైకెత్తి చూపిస్తోంది. ఆమె చెయ్యి లేకుండానే నేను దాటి వచ్చాను. మెట్ల మీద కూర్చుని నా తల తుడుస్తూ, "పోయి రా," అంది.

పోయాము. బొంబాయి, ఓడ, వాంతులు, చలి, అవన్నీ వేరే కథలు. ఆ కాలవను మొదటిసారి చూసినప్పుడు మాత్రం నేను ఒడ్డున అట్లాగే నిలబడిపోయాను. నిండుగా, ఎటూ తొందర లేకుండా ఉంది. పక్కనే ఆవులు మేస్తున్నాయి, దానివైపు చూడనైనా చూడవు. ఒక్క కడవ లేదు, ఒక్క మనిషి లేడు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. దొరసాని పాపం చలికి అనుకుని శాలువా కప్పింది. రెండోనాడో మూడోనాడో మధ్యాహ్నం, పడవ మీద ఆరేసిన నా కోక గాలికి లేచింది. అది నీళ్ళలో పడుతోందని చూశాను, అంతే. దూకాను. (మా అత్త చెప్పింది నిజం. నేను చూడను.) దూకినదాన్ని, భయపడకుండా, నేర్పిన నేర్పునంతా చూపించి, చేతులు బార చాచి, కాళ్ళు ఆడించి ఈదడం మొదలుపెట్టాను. ఎంత ఈదినా మోకాళ్ళకు ఏదో మెత్తగా తగులుతోంది. పైనుంచి ముసలి దొర, తుప్పు పట్టిన తెలుగులో, "అమ్మా, లేచి నిలబడు, నిలబడు!" అంటున్నాడు. నిలబడ్డాను. నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. ఆ కాలవంతా ఆ మాత్రమే లోతట, ఆ పడవలకు అంతకన్నా అక్కరలేదట. మా ఆయన గడ చేతిలో పట్టుకొని, నన్ను చూసి, నా నడుము కొలత చూసి, పడి పడి నవ్వాడు.

ఏడాది తర్వాత ఇల్లు చేరాం. ఊరంతా వచ్చి చూసిపోయింది. అందరూ పోయాక, అత్త నా పక్కన కూర్చుని, ఎవరూ వినకుండా అడిగింది. "ఈత పనికొచ్చిందామ్మే?"

"వచ్చిందత్తా. పడవలోనుంచి పడితి. నువ్వు నేర్పింటివి కాబట్టి బతికి బయటపడితి."

"లోతెంత ఉండాది?"

"రెండు నిలువులుంటాది."

మా ఆయనకు దగ్గు వచ్చింది. (కొలత తప్పయితే ఓర్చుకోలేడు, పాపం.) నేను అటు చూడలేదు. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత మెల్లగా, నాతో అన్నట్టు కాదు, "నేర్పిచ్చినా కదా," అంది. "ఈతూరి నేర్పిచ్చినా కదా."

ఇప్పుడు ఆమె లేదు, ఆయనా లేడు, నాకు ఆనాటి మా అత్త వయసు దాటి కూడా చాలా ఏళ్ళయింది. ఆ ప్రయాణం సంగతి వచ్చినప్పుడల్లా మా పిల్లలు, వాళ్ళ నాయన చెప్పిన నడుము లోతు కథను గుర్తు చేసి నన్ను ఏడిపిస్తారు. "నిజం చెప్పవ్వా, ఎంత లోతు?" అని మనవరాలు చెయ్యి పట్టుకుని గుంజుతుంది. మీ తాతకు ఈతే రాదు, ఆయనకేం తెలుసు, అంటాను నేను. రెండు నిలువులు.